రెండో మేజోడు

డులూత్,
జనవరి 8

నోలా,

ఇక్కడ సరస్సు గడ్డకట్టింది, నా గ్యారేజీ తలుపు గడ్డకట్టింది, పక్కింటాయన మర్యాద ఎప్పుడో గడ్డకట్టింది. ఆ సంగతులు తర్వాత. ముందు అసలు కబురు. కూర్చుని చదువు.

జోసలిన్ వేర్ వస్తోంది. మే నెలలో, మినియాపొలిస్‌లో సీరియళ్ళ అభిమానులు కూడే కన్వెన్షన్‌కి. మన ‘లాంగ్ ఫెర్రీ’ సీరియల్ ఆగిపోయాక ఇన్నేళ్ళలో ఒక్క కన్వెన్షన్ గుమ్మం కూడా తొక్కనని భీష్మించుకు కూర్చున్న మనిషి. ఇదే మొదటిసారి, ఇదే చివరిసారి అని ప్రకటనలో రాశారు. మన పడవలో వేసినవాళ్ళందరినీ చూసేశాం కదా. కెప్టెన్ని చూశాం, వంటవాణ్ణి చూశాం, రెండు ఎపిసోడ్లలో శవంగా పడుకున్నవాడి దగ్గర కూడా సంతకం తీసుకున్నాం. ఇంజన్ గది మాబ్ టారోగా వేసిన ఈవిడ ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఆవిడే వస్తోంది.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను, చెప్పుకోవడం నాకిష్టం కాబట్టి. కౌంటీ గ్యారేజీలో మంచు తోసే బళ్ళు బాగుచేసే పనిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. నా భోజనం డబ్బాకి గ్రీజు పూసేవాళ్ళు. ఇక మానేద్దామని గట్టిగా అనుకున్న వారంలోనే ఆ మంచు చంద్రుడి ఎపిసోడ్ వచ్చింది. గ్రహాల మధ్య తిరిగే పడవ కాస్తా అక్కడ చెడిపోతే అందరూ మాబ్‌ని తిట్టిపోస్తారు. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పదు. తడిసిన చారల మేజోళ్ళు విప్పి, ఇంజన్ గొట్టం మీద ఆరేసి, ఉత్తకాళ్ళతో పనిలోకి దిగుతుంది. మర్నాడు నేనూ నా మేజోళ్ళు గ్యారేజీ హీటరు మీద ఆరేశాను. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఈ మాట ఆవిడ ఎదురుగా నిలబడి చెప్పాలి. నాకు కావలసింది అంతే.

కాబట్టి ఆ మేజోళ్ళే అల్లి తీసుకెళదాం. ఎడమది నేను, కుడిది నువ్వు. పని ఇలా ఎందుకు పంచానో నీకు తెలుసు. నీ సొరుగు నిండా ఒంటి మేజోళ్ళే. ఒకటి పూర్తికాగానే నీకు విసుగు పుడుతుంది, రెండోదానికి సూదులు ఎక్కవు. నువ్వు జత పూర్తిచేయగా చూసిన మానవుడు లేడు. అందుకే నిన్ను ఒక్కటే అడుగుతున్నాను.

ఊలు సగం సగం చేసి పంపుతున్నాను: తుప్పు రంగు, పలక రంగు, మడమకి ఆవపిండి పసుపు. ముందు అరచేయంత నమూనా ముక్క అల్లి నాకు పంపు. నీ చేయి వదులు, నా చేయి బిగువు. ఇద్దరి అల్లికా కలవకపోతే నవ్వులపాలవుతాం.

హోటల్ గది ఈసారి నువ్వు చూడు, పోయినసారి నేను చూశాను. మనం ఒకరి ఇంటికి ఒకరం వెళ్ళింది ఎన్నడూ లేదు, ఎప్పుడు కలిసినా కన్వెన్షన్ హోటళ్ళలోనే. పడవవాళ్ళని పిలిచే కన్వెన్షన్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడో, అసలు ఉంటుందో ఉండదో. నిన్ను చూడాలని ఉంది. ఇలాంటి మాటలు నేను ఏడాదికి ఒకసారే రాస్తాను, దాచుకో.

ఆర్డిస్


డేటన్,
జనవరి 27

ఆర్డిస్ మహాతల్లీ,

నీ ఉత్తరం అందింది, ఊలు అందింది, దెప్పులు కూడా తూకం తగ్గకుండా అందాయి.

జోసలిన్ వేర్ అని చదవగానే కుక్కలకి స్నానం, క్షవరం చేసే నా కొట్టులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అప్పుడు నా చేతిలో ఒక పొడుగు చెవుల కుక్క సగం గొరిగి ఉంది, అదీ నాతోబాటు లేచింది. నీకోసం సంతోషపడ్డాను. నిజంగా.

నమూనా ముక్క ఇందులో పెట్టాను. కుక్కల షాంపూ వాసన వస్తే సర్దుకో. నా చేతులకే ఆ వాసన పోవడంలేదు, ఊలుకి ఎలా పోతుంది. నా చేయి వదులన్నావు. మేజోడు అంటే కాలు ఊపిరాడేలా ఉండాలి. నువ్వు అల్లినవి వేసుకుంటే రక్తం మోకాలి దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ విశేషం ఒకటే. కొరీన్ ప్రతి గురువారం ఫోన్ చేస్తోంది. అవును, నా కూతురే. పండగనాడు కూడా ముక్తసరిగా రెండు మాటలు ముక్కి పెట్టేసే ఆ పిల్లే. ఏం మాట్లాడుకుంటాం అంటావా, ఏవో టీవీ కబుర్లు.

గది సంగతి చూస్తాలే. మే నెల ఎక్కడో ఉంది.

నోలా


డులూత్,
ఫిబ్రవరి 13

నోలా,

నీ ముక్కని నా ముక్క పక్కన పెట్టి చూశాను. అవే సూదులు, అదే ఊలు, అవే కుట్లు. నీది వల అనుకుని మా సరస్సులో వేస్తే చేపలు పడతాయి. ఈ లెక్కన నా మేజోడు మనిషి కాలికి, నీ మేజోడు ఎలుగుబంటి కాలికి సరిపోతాయి. ఒక సైజు తగ్గించి సన్న సూదులు తీసుకో. విప్పి మళ్ళీ మొదలుపెట్టు. కుడికాలు ఒకలా, ఎడమకాలు ఒకలా ఉన్న మేజోళ్ళు ఆవిడ చేతిలో పెట్టి నేను తలెత్తుకోలేను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకో సంగతి. కన్వెన్షన్ వాళ్ళ నియమాలు వచ్చాయి. సంతకాల బల్ల దగ్గర కానుకలు ఇవ్వరాదట. తలుపు దగ్గర ప్లాస్టిక్ తొట్టి పెడతారట, తెచ్చినవన్నీ అందులో పడేయాలట, తర్వాత ఎవరో తీసుకెళ్ళి అతిథులకి అందజేస్తారట. పడేయడానికా మనం చలికాలమంతా అల్లుతున్నది? వాళ్ళకి రాశాను. నియమాలు చూడండి అని జవాబు వచ్చింది. చూశాకే రాస్తున్నాను అని మళ్ళీ రాశాను. నియమాలు చూడండి అని అదే జవాబు మళ్ళీ వచ్చింది. గోడకి చెప్పుకుని ఉంటే కనీసం ఒక పెచ్చయినా రాలేది.

నేను మేజోళ్ళు చూపిస్తాను, ఇవ్వను. చూపించకూడదని ఎక్కడా రాయలేదు. చూసి ఆవిడే చేయి చాపితే ఎవడు ఆపుతాడో చూస్తాను.

గది సంగతి ఏమయింది? మంచాలు రెండు ఉండాలి, లిఫ్టుకి దగ్గరగా ఉండాలి. నా మోకాలు వరసల్లో నిలబడి నిలబడి ఇలా తయారయింది, అందులో సగం నీవల్లే. ఆ వంటవాడి సంతకం కావాలని పట్టుబట్టింది నువ్వే.

ఆర్డిస్


డేటన్,
మార్చి 19

ఆర్డిస్,

రెండు ముక్కలే రాస్తున్నాను, పోస్టు బండి వచ్చే వేళయింది. చలి తగ్గుతోందని అందరూ ఒకేసారి కుక్కలని తీసుకొచ్చి మీద పడ్డారు. నడుం ఎత్తడానికి లేదు.

నీ మేజోడు ఇదిగో. గడువుకంటే ముందే. నన్ను మెచ్చుకునే మాటలు ఏవైనా నీ దగ్గర మిగిలుంటే వాడు.

గది ఇంకా కుదరలేదు. చూస్తున్నాను.

నోలా


డులూత్,
మార్చి 27

నోలా,

నీ పార్సెల్ మంగళవారం వచ్చింది. మంగళవారం చర్చి నేలమాళిగలో మా అల్లిక కూటమి. నాకు బుద్ధి ఉంటే ఇంట్లో విప్పి చూసుకునేదాన్ని. లేదు కనక అందరి ముందూ విప్పాలని పట్టుకెళ్ళాను. నా ఎడమ మేజోడు బల్ల మీద పరిచాను. కాఫీలు అయ్యాయి. ‘ఇప్పుడు దీని జోడీని చూడండి’ అని కత్తెరతో దారం తెంపాను.

అందులో బూడిద రంగు మేజోళ్ళున్నాయి. చుట్టూ తోడేళ్ళు, వాటికి ఊదా రంగు కళ్ళు, పైన పచ్చ చంద్రుళ్ళు. మేజోళ్ళు అన్నాను, గమనించావా. ఒకటి కాదు. జత.

మా లవోన్ కళ్ళజోడు సర్దుకుని ఒకటి చేతిలోకి తీసుకుంది. ‘ఇవి గ్రే హాలో సీరియల్‌లో తోడేళ్ళు కదటే. మా మనవరాలు దాని పిచ్చిలోనే ఉంది. అబ్బ, ఎంత ఒద్దికగా అల్లిందో మీ స్నేహితురాలు. వదులు వదులు అంటావు, ఎక్కడా వదులు లేదే’ అంది.

నిజమే, లేదు. కొలబద్ద పెట్టి చూశాను. రెండూ సరిసమానం. వీటికి సన్న సూదులు దొరికాయన్నమాట.

మన పడవకోసం ఏనాడూ నీ సూదులకి ఎక్కని రెండోది ఈ తోడేళ్ళకోసం ఎక్కింది. ఆ గది ఎందుకు కుదరడంలేదో, గురువారం టీవీ కబుర్లేమిటో ఇప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమవుతోంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ తాగావు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషివని నేననుకోలేదు.

మే నెలలో నువ్వు వస్తున్నావా లేదా? ఒక్క మాటలో రాయి.

ఆర్డిస్


డేటన్,
ఏప్రిల్ 4

ఆర్డిస్,

రావడంలేదు.

ఒక్క మాటలో అడిగావు, రాశాను. ఇప్పుడు మిగతాది విను. అల్లిక సంచులు రెండూ ఒకే గుడ్డతో కుట్టుకోవడం నా బుద్ధితక్కువ. ఆ తొందరలో ఒకటి అనుకుని ఇంకోటి కట్టేశాను. నీ మేజోడు ఈ పార్సెల్‌లో ఉంది. తోడేళ్ళని దయచేసి తిప్పి పంపు, నీ దగ్గర మంటల పొయ్యి ఉందని నాకు గుర్తుంది.

మీ కన్వెన్షన్ జరిగే శనివారమే కొలంబస్‌లో ఇంకో కన్వెన్షన్ ఉంది. గ్రే హాలోలో మంద నాయకుడిగా వేసే కుర్రాడు వస్తున్నాడు. కొరీన్ టికెట్లు తీసి, ఆ తర్వాత ఫోన్ చేసింది. ‘అమ్మా, నీకు పనుంటే ఫర్వాలేదు కానీ, నాతో వస్తావా?’ అంది. ఆ పిల్ల నన్ను ఎక్కడికైనా రమ్మని అడగడం నాకు గుర్తులేదు ఆర్డిస్. పనుందని ఎలా చెప్పను? నువ్వయితే చెప్పగలవా? నీకు చెప్పాల్సింది జనవరిలోనే. నీ ఉత్తరంలో ఆ ‘నిన్ను చూడాలని ఉంది’ అన్న ముక్క చదివి నోరు పెగల్లేదు.

రెండో మేజోడు సంగతి కూడా చెబుతాను. గురువారం ఎపిసోడ్ అవగానే కొరీన్ ఫోన్ చేస్తుంది. ఊరికే వింటూ కూర్చుంటే నాకు చేతులు ఆగవు, అల్లుతుంటాను. ఒకటి అయిపోయింది. ఆ పిల్ల ఇంకా మాట్లాడుతూనే ఉంది. లేచి వెళ్ళి వేరే ఊలు వెతుక్కుంటే ఎక్కడ పెట్టేస్తుందోనని అదే ఊలుతో రెండోది ఎక్కించాను. అంతే. తోడేళ్ళ మీద భక్తి కాదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ తిడతావు కాబట్టి ఒకేసారి తిట్టు. పడవ నా మనసులోంచి ఎప్పుడో దిగిపోయింది. ఆఖరి ఎపిసోడ్‌లో దాన్ని తగలబెట్టారే, అప్పుడే. ఆ తర్వాత ఒక్క ఎపిసోడ్ కూడా తిరిగి చూడలేదు. ఆ తర్వాత కన్వెన్షన్లకి నేను వచ్చింది నటులకోసం కాదు. నువ్వు వరసలో నిలబడి నిర్వాహకులని, లిఫ్టుని, కాఫీని, ముందున్నవాడి టోపీని తిడుతుంటే వినడానికి వచ్చేదాన్ని.

నోలా


డులూత్,
ఏప్రిల్ 14

నోలా,

నీ తోడేళ్ళని పంపుతున్నాను. ఉతికి, చదునుగా పరిచి ఆరబెట్టాను. ఎవరికిచ్చినా కుక్కల షాంపూ వాసనతో ఇవ్వకూడదు.

నీ పడవ మేజోడు అందింది. నాదానికంటే బొటనవేలంత పొడుగు. సన్న సూదులు వాడలేదు. అడగను.

కూతురితో వెళ్ళు. వద్దనడానికి నేనెవర్ని. గది నేనే చూసుకున్నాను. ఒక మంచం గది లేదన్నారు, రెండు మంచాలదే ఇచ్చారు.

ఒకటి మాత్రం అడుగుతాను. పడవ నీకు లేదంటున్నావు. సరే. మరి పడవ లేకపోతే నువ్వూ నేనూ ఎక్కడ కలుస్తాం? మనం పుట్టుకతో చుట్టాలం కాదు, ఒక ఊరివాళ్ళం కాదు. ఒక టీవీ సీరియల్ అభిమానుల పత్రికలో నువ్వు మేజోళ్ళ చార పచ్చ అని రాస్తే, కాదు బూడిద అని నేను జవాబు రాశాను. మన చుట్టరికం అదే. ఆ మంచు చంద్రుడి ఎపిసోడే తీసేస్తే ఏం మిగిలిందా అని నాలుగు రోజులు ఆలోచించాను. నాకేమీ తోచలేదు. భయం వేసింది. అందుకని కోపం తెచ్చుకున్నాను, అది నాకు అలవాటైన పని.

దీనికి జవాబు రాయకు. నాకు చదివే ఓపిక లేదు.

ఆర్డిస్


డేటన్,
మే 2

ఆర్డిస్,

రాయొద్దన్నావు, అందుకే కార్డు. మోకాలి పట్టీ మరిచిపోకు. వరసలో మంచినీళ్ళు పెట్టుకో. చెప్పాల్సింది చెప్పేసి రా, ఇన్నేళ్ళు మోశావు.

నోలా


డులూత్,
మే 21

నోలా,

వెళ్ళాను. వచ్చాను. నీకు చెప్పకూడదనే అనుకున్నాను, కానీ కడుపు ఉబ్బిపోతోంది. చెప్పడానికి నువ్వు తప్ప ఇంకో దిక్కు లేదు. మా లవోన్‌కి చెబితే ‘ఓహో, అలాగా’ అని బిస్కెట్లు అందిస్తుంది.

ముందు సభ జరిగింది. హాలు నిండా పడవ అభిమానులు, సగంమందికి చేతికర్రలు. జోసలిన్ వేర్ వచ్చి కూర్చుంది. సన్నగా, నిటారుగా, కళ్ళు మాత్రం మాబ్ కళ్ళే. ఇంతలో ఒకాయన లేచి, మేజోళ్ళలో నాలుగో చార బూడిదా పచ్చా అని అడిగాడు. ఈ చార మీద మనం ఎన్ని ఉత్తరాలు తగలేశామో గుర్తుందా. నేను ముందుకి వంగి కూర్చున్నాను.

‘ఏ మేజోళ్ళు?’ అంది ఆవిడ.

ఆయన వివరించాడు. ఎపిసోడ్ నంబరుతో సహా.

‘ఓ, అవా. రంగులు గుర్తులేవు నాయనా. దురద పెట్టాయి, అది మాత్రం బాగా గుర్తుంది. షూటింగ్ అవగానే విప్పి చెత్తబుట్టలో పారేశాను’ అంది.

హాలంతా పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. అవి నా సంచిలో ఉన్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

తర్వాత వరస. దాని గురించి నీకు చెప్పక్కర్లేదు. గోడవారగా వంకర్లు తిరుగుతూ, ప్రతి మలుపులోనూ ఇదే ఆఖరి మలుపు అన్నట్టు మోసం చేస్తూ. కాఫీ నల్లటి వేడినీళ్ళు. లిఫ్టులు రెండుంటే ఒకటి చెడిపోయింది. ముందున్నవాడి వీపున అట్టతో చేసిన రెక్కలు, వాడు తిరిగినప్పుడల్లా నా ముక్కుకి తగిలేవి. ఇవన్నీ నాలో నేనే తిట్టుకోవలసి వచ్చింది. నాలో నేను తిట్టుకుంటే ఏమీ బాగాలేదు. ఒకసారి అలవాటున పక్కకి తిరిగి ‘చూశావా వీడి రెక్కలు’ అన్నాను. పక్కన స్తంభం ఉంది.

చివరికి బల్ల దగ్గరికి చేరాను. పక్కన ఒకావిడ గడియారం చూసుకుంటూ మనుషులని తోసేస్తోంది. జోసలిన్ వేర్ తల ఎత్తి, ‘బాగున్నారా, ఏ ఊరునుంచి వచ్చారు?’ అంది. అందరినీ అడిగిన మాటే, ముఖంలో అలసట తెలుస్తూనే ఉంది.

‘డులూత్ నుంచండీ’ అన్నాను.

ఇక్కడ నేను చెప్పాలి కదా. గ్యారేజీ, గ్రీజు, హీటరు మీద మేజోళ్ళు. దారి పొడుగునా కారులో అప్పజెప్పుకుంటూనే వెళ్ళాను. నోరు తెరిచాను. ‘నా స్నేహితురాలు రాలేదండీ’ అని వచ్చింది.

ఆవిడ కలం ఆపింది. ‘అయ్యో, ఒంట్లో బాగాలేదా?’

‘దుక్కలా ఉందండీ. తోడేళ్ళని చూడటానికి కొలంబస్ వెళ్ళింది. కూతురు పిలిచిందట. పిలిస్తే వెళ్ళాల్సిందే, కాదనను. కానీ జనవరిలో చెప్పొచ్చుగా? గది చూస్తున్నాను, చూస్తున్నాను అని మార్చిదాకా నెట్టుకొచ్చింది. ఇదిగో చూడండి, ఇవి మీకోసమే అల్లాం. ఇది నేను అల్లింది, ఇది తను. సన్న సూదులు వాడవే అని మొత్తుకున్నాను. వింటేగా. ఎప్పుడూ అంతే. రెండోది ఎప్పుడూ అల్లదు. తోడేళ్ళకి మాత్రం అల్లింది.’

నా నోరు ఆగలేదు నోలా. నేనే వింటున్నాను, నేనే ఆపలేకపోతున్నాను. గడియారం ఆవిడ ‘మేడమ్, మేడమ్’ అంటోంది. జోసలిన్ వేర్ ఆమెని చేత్తో ఆగమంది. మేజోళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ‘ఏనుక్కి ఒకటి, ఎలక్కి ఒకటి’ అంది. అని నవ్వింది. అలసట పోయి నవ్వింది, వేదిక మీద నవ్వినట్టు కాదు.

‘ఏమిటి ఆవిడ పేరు?’ అంది.

‘నోలా అండీ.’

బల్ల మీదున్న తన ఫోటో ఒకదాని మీద రాసింది. నా చేతిలో పెట్టింది. గడియారం ఆవిడ ‘తర్వాతివాళ్ళు’ అంది, మేజోళ్ళు తిరిగి నా సంచిలో కుక్కింది, తొట్టి అటుంది అని చూపించింది. నేను పక్కకి వచ్చాక ఫోటో చూసుకున్నాను.

‘నోలాకి. మీ స్నేహితురాలు వచ్చినప్పటినుంచి మిమ్మల్నే తిడుతోంది. అదృష్టవంతులు. ప్రేమతో, జోసలిన్ వేర్.’

నోలాకి. నాకు కాదు. ఆవిడ జీవితంలో వచ్చిన ఒక్క కన్వెన్షన్, నాకున్న ఒక్క సంతకం టికెట్, దాని మీద నీ పేరు. కొలంబస్‌లో తోడేళ్ళతో ఊరేగుతున్న నీ పేరు. నేను చెప్పాలనుకున్నది అలాగే నా నోట్లో ఉండిపోయింది, నాతోబాటే పోతుంది.

తొట్టి దగ్గరికి వెళ్ళాను. నిండా బొమ్మలు, మిఠాయి పెట్టెలు. అన్నిటి మీదా ఎవరో ఎంతో కష్టపడి పుల్లలతో చేసిన మన పడవ బోర్లాపడి, ముక్కు విరిగి ఉంది. దాన్ని తిప్పి నిలబెట్టాను. మేజోళ్ళు అందులో వేయడానికి చేయి రాలేదు. దురద పెడతాయన్న మనిషికి వేసి మాత్రం ఏం లాభం.

గదికి వచ్చాను. రెండో మంచం మీద నా కోటు పడుకుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. ఎలాగూ అల్లాం కదా అని వేసుకుని చూశాను. నాది మడమ దగ్గరే ఆగిపోయింది, ఎంత లాగినా ఎక్కలేదు. నీది ఎక్కింది. వాచిన కాలికి అదే హాయిగా ఉంది. ఈ ముక్క మళ్ళీ అడిగితే ఒప్పుకోను.

ఫోటో ఇందులో పెడుతున్నాను, నీ పేరున్నది నా గోడ మీద పెట్టుకోలేను. నేను అల్లినది కూడా పెడుతున్నాను. నీది ఉంచుకున్నాను. చివరికి నా సొరుగులోనూ ఒంటి మేజోడు చేరింది, సంతోషమేనా.

ఆర్డిస్


డేటన్,
జూన్ 18

ఆర్డిస్,

నీ ఉత్తరం కొట్టు మూసి, మెట్ల మీద కూర్చుని చదివాను. ‘పక్కన స్తంభం ఉంది’ అన్నచోట రెండుసార్లు చదివాను.

తోడేళ్ళ సంగతి అడగలేదు, అయినా చెబుతాను. మంద నాయకుడు సంచి విప్పి కూడా చూడలేదు. ‘భలే’ అని ఒక మాట అనేసి పక్కన పారేశాడు. నువ్వు ఉతికి ఆరబెట్టిన మేజోళ్ళు. నాకు ఒళ్ళు మండింది. తిరుగుదారిలో కారులో కొరీన్ నా ముఖం చూసి, ‘అమ్మా, మీ ఆర్డిస్ ఉంటే ఇప్పుడేమనేది?’ అంది. నీ గొంతుతో ఆ కుర్రాణ్ణి, వాడి జుట్టుని, ఆ హాలుని, వాళ్ళ కాఫీని కడిగేశాను. కొరీన్ కారు పక్కకి ఆపి మరీ నవ్వింది. ఇంటికొచ్చాక, ఆవిణ్ణి ఎప్పుడూ మన ఇంటికి ఎందుకు పిలవలేదు అని అడిగింది. కన్వెన్షన్ ఉందిగా అనుకుంటూ వచ్చాం, అంతే.

పడవ లేకపోతే ఎక్కడ కలుస్తాం అని అడిగావు. జవాబు రాయొద్దన్నావు కాబట్టి రాయలేదు, అల్లాను. పార్సెల్‌లో చూడు. నీ దగ్గరున్నదానికి జత. ఇది రెండోది. ఎవరూ ఫోన్‌లో మాట్లాడకుండానే, విసుగు పుడుతున్నా, కూర్చుని పూర్తిచేశాను. పసుపు ఊలు అయిపోయింది, మడమకి తోడేళ్ళ పచ్చ వాడాను. చూసి తిట్టుకో. సన్న సూదులు వాడలేదు, అదే వదులు. వాచిన కాలికి హాయిగా ఉందని నువ్వే రాశావు, ఆ ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది.

నువ్వు పంపినది నా మడమ కూడా దాటడంలేదు. దానికి జత నువ్వే అల్లాలి, కాస్త చేయి వదిలి అల్లు, చచ్చిపోవు.

ఫోటో తిప్పి పంపను. కొట్టులో స్నానాల తొట్టి ఎదురుగా తగిలించాను. వచ్చినవాళ్ళందరూ చదివి, ఎవరీ తిట్టే ఆవిడ అని అడుగుతున్నారు. ఆ గ్యారేజీ హీటరు మాట వాళ్ళందరికీ నేను చెబుతున్నాను. నీ నోట్లో ఉండిపోయిందన్నావు, ఇక్కడ ఊరు సగానికి తెలిసిపోయింది.

ఫోటో చూడాలంటే నువ్వే రావాలి. పై గది ఖాళీ చేయించాను, మెట్లు తక్కువే, నీ మోకాలు ఓర్చుకుంటుంది.

ఆగస్టులో రా. నటులెవరూ ఉండరు. వరస ఉండదు. గుమ్మంలో నేనొక్కదాన్నే ఉంటాను.

నోలా